అర పైసా ఎవరి ఖాతాలో? - జిల్లా రౌండాఫ్ అధికారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ జిల్లా రౌండాఫ్ అధికారి వారి సముఖానికి,

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో ఎక్సెల్ షీట్లతో పొట్టపోసుకునే గుమాస్తాలు, అకౌంటెంట్లు, సంఘాల కార్యదర్శుల తరఫున ఈ మనవి. తమ పదవిని ప్రభుత్వం ఇంకా సృష్టించలేదని తెలిసే రాస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తిలో ఆఫీసుల బోర్డులు లేచినప్పుడు తమ బోర్డు లేవలేదు. అంతకుముందు అనంతపురంలోనూ ఉన్నది కాదు. అయినా తమ మాట చెల్లినట్టు జిల్లాలో మరొకరి మాట చెల్లదు. పట్టుగూళ్ల పట్టీలో, పట్టుచీర బిల్లులో, ఫ్యాక్టరీ జీతం చీటీలో, పొలం విస్తీర్ణంలో చివరి అంకె తమరు చెప్పినట్టే పడుతోంది. అలా ఎందుకు పడిందని అడిగితే "సిస్టమ్ అలాగే తీసుకుంటుంది సార్" అంటారు. సిస్టమ్ ఎవరి దగ్గర తీసుకుంటోందో, తీసుకున్నది ఎవరికిస్తోందో మాత్రం చెప్పరు. అడిగినవాడు చిల్లర మనిషి అనిపించుకుంటాడు.

మా వాదం ఒక్కటే. దశాంశాలను సవరించడం గణితం కాదు, ఉత్తర్వు. ఏడును మూడుతో భాగిస్తే ఎంతో గణితం చెబుతుంది, వచ్చిన 2.3333ని ఎక్కడ తెగ్గొట్టాలో అది చెప్పదు. అదీ గణితమే అయితే దేశమంతటా ఒకే జవాబు రావాలి కదా. రాదు. కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి, లోపల ఉంటే సున్నా. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 288ఏ సెక్షన్ రూపాయితో ఆగలేదు; పైసలను ముందే పక్కన పడేసి, మొత్తం ఆదాయాన్ని దగ్గరి పదికి సవరించమంది. ఈఎస్ఐ చందాలో రూపాయికి మించి ఎంత చిన్న భిన్నం ఉన్నా పై రూపాయే. పీఎఫ్‌లో దగ్గరి రూపాయి. కాబట్టి హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడలో 14,952 రూపాయల జీతం ఉన్న కార్మికుడి చీటీ తీస్తే, 12 శాతం పీఎఫ్ 1,794.24 వచ్చి 1,794గా దిగుతుంది, 0.75 శాతం ఈఎస్ఐ 112.14 వచ్చి 113గా ఎక్కుతుంది. ఒకే కాగితం, ఒకే మనిషి, పక్కపక్క వరుసలు. ఒకటి కిందికి, ఒకటి పైకి. రెండూ ఒప్పే, ఎందుకంటే రెంటికీ రాతపూర్వకమైన నియమం ఉంది. ఇక సరిగ్గా సగం దగ్గరికొస్తే పెద్దలే ఒక మాట మీద లేరు. భారతీయ ప్రమాణాల సంస్థ 1960లో ఐఎస్ 2 పేరుతో ఇచ్చిన ప్రమాణం సరిగ్గా సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు మళ్లమంటుంది: 2.5 అయితే 2, 3.5 అయితే 4. మన బళ్లలో నేర్పేది సగమైతే పైకే. ఎక్సెల్ సెల్‌లో రౌండ్ అని రాస్తే 2.5 మూడవుతుంది, అదే ఎక్సెల్‌లో మాక్రో తెరిచి విజువల్ బేసిక్‌లో రౌండ్ అని రాస్తే అదే 2.5 రెండవుతుంది. ఒకే సాఫ్ట్‌వేరు, ఒకే మాట, రెండు తీర్పులు!

ఇది కంప్యూటర్లు తెచ్చిన తంటా కూడా కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయా పైసలుగా విడగొట్టినప్పుడు అణాకు 6.25 నయా పైసలొచ్చాయి. మరి రెండణాలకు? 12.5. మార్పిడి పట్టికలో సగాన్ని వదిలేసి 12 అన్నారు. తపాలా శాఖ మాత్రం 13 నయా పైసల బిళ్ల అచ్చువేసింది. ఆ అర పైసా పుచ్చుకునేవాడి చేతిలో ఉంటే పైకి, ఇచ్చేవాడి చేతిలో ఉంటే కిందికి పోతుందన్న సంగతి మన తాతలకు ఆనాడే అర్థమై ఉంటుంది.

ఎటు సవరించాలన్నది ఒక ప్రశ్న అయితే, ఏ మెట్టు దగ్గర సవరించాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ధర్మవరంలో 8,450 రూపాయల పట్టుచీర ఒకటి అమ్ముడైందనుకుందాం. పన్ను 5 శాతం. చీర బెంగళూరు వెళ్తే అంతర్రాష్ట్ర అమ్మకం. పన్ను ఒక్క ముక్కగా 422.50 వస్తుంది, సవరిస్తే 423. అదే చీర అనంతపురం వెళ్తే రాష్ట్రంలోపలి అమ్మకం. పన్ను కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర శాతంగా చీలి 211.25, 211.25 అవుతుంది. బిల్లులోనే సవరించే పద్ధతి పెట్టుకున్న షాపులో ఆ రెండూ 211 చొప్పున దిగి, మొత్తం 422. చీరా అదే, ధరా అదే, పన్ను రేటూ అదే. హద్దు దాటిన చీర మీద ఒక రూపాయి ఎక్కువ! ఇందులో ఎవరి మోసమూ లేదు. చీల్చి సవరించడం, సవరించి చీల్చడం ఒకటి కావు, అంతే. పైసలను బిల్లులో అలాగే ఉంచి, నెలాఖరు రిటర్నులో ఒక్కసారి సవరించే షాపులో లెక్క ఇంకో రకంగా తేలుతుంది. మూడు షాపుల అకౌంటెంట్లను ఒకచోట కూర్చోబెడితే ముగ్గురూ తమ లెక్కే సరైనదంటారు, ముగ్గురి దగ్గరా షీటు ఉంటుంది, నియమం ఏమిటో మాత్రం షీటులో ఉండదు.

మధ్యలో సవరిస్తే జరిగే నష్టం ఎప్పుడూ రూపాయితో పోదు. పట్టుదారం తీసే రీలర్లు లెక్కకట్టే రెండిట్టానే చూడండి. ఒక కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్లు పడతాయన్నది అది. ఒక లాటుకు రెండిట్టా 6.5 అనుకుంటే 650 కిలోల గూళ్లకు 100 కిలోల దారం రావాలి. షీటు చూడముచ్చటగా ఉండాలని ఎవరో ఆ 6.5ని 7 చేసి పెడితే వచ్చేది 92.86. ఏడు కిలోల పట్టు బాయిలర్ దాకా వెళ్లకుండానే కాగితం మీద ఆవిరైపోయింది. భాగహారంలో కింద ఉండే అంకెను ముందే సవరించడమంటే ఇదే. దీనికి కవల సోదరుడు ఇంకొకడున్నాడు. సెల్‌లో ఉన్న అంకెను ముట్టకుండా, దశాంశాలు తగ్గించే బటన్ నొక్కి పైకి కనపడేది మాత్రం మార్చడం. 33.40 చొప్పున మూడు వరుసలుంటే తెర మీద 33, 33, 33 కనిపిస్తాయి, కింద మొత్తం 100 అంటుంది. కాలిక్యులేటర్ పట్టుకున్న ఆడిటర్‌కు 99 వస్తుంది. పాపం ఆ గుమాస్తా తప్పు చేయలేదు, షీటూ తప్పు చేయలేదు. ఇద్దరి మధ్యా నియమం లేదు. దీన్ని సరిదిద్దుతామని తెరమీద కనపడినదే ఖాయం చేసే సెట్టింగ్ ఒకటి ఎక్సెల్‌లో పెట్టారు. అది ఆన్ చేస్తే అసలు దశాంశాలు శాశ్వతంగా చెరిగిపోతాయి, మళ్లీ ఆఫ్ చేసినా తిరిగిరావు. రోగం కుదిర్చేందుకు రోగిని మార్చే వైద్యం అది.

ఇక సొంత నియమాల సంగతి తమరికి విన్నవించాలి. ఈ లేఖకు అసలు కారణం అదే. చట్టం చెప్పని చోట వ్యాపారం తనకు తాను నియమం పెట్టుకుంటుంది, పెట్టుకోవాలి కూడా. హిందూపురంలో చింతపండు, మిరపకాయల లావాదేవీల్లో ఎవరైనా "30 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చెయ్యి, లోపలైతే వదిలెయ్" అని ఒప్పందం చేసుకుంటే అందులో తప్పేమీ లేదు. ఇద్దరికీ తెలిసి ఉంటే చాలు. షీటులో దాన్ని రాయడమూ సులువే అనిపిస్తుంది: మొత్తాన్ని ఒకటితో మాడ్ చేస్తే మిగిలేది పైసల భాగం, అది 0.3 లేదా అంతకన్నా ఎక్కువైతే ఒకటి కలుపు, లేకుంటే వదిలెయ్. ఇప్పుడు ఈ సూత్రానికి 312.30 ఇవ్వండి. 313 చేస్తుంది, బాగుంది. 612.30 ఇవ్వండి. 612 దగ్గరే ఆగిపోతుంది! అవే ముప్పై పైసలు. సెల్‌లో 612.3లోంచి 612 తీసేసి దశాంశాలన్నీ తెరిచి చూస్తే 0.299999999999955 అని కనిపిస్తుంది, మన 0.3 కంటే వెంట్రుకవాసి తక్కువ. కారణం కంప్యూటరు సంఖ్యలను సున్నా, ఒకటి అనే రెండే అంకెల లెక్కలో దాచుకోవడం. పదో వంతు, మూడు పదో వంతులు ఆ లెక్కలో ఎప్పటికీ పూర్తిగా ఇమడవు, ఎక్కడో ఒకచోట తెంచుకోవాల్సిందే. 312 దగ్గర ఆ తెంపు కాస్త పైకి పడింది, 612 దగ్గర కిందికి పడింది. అంటే ఎవరి సొమ్ము 256కీ 512కీ మధ్య ఉంది, ఎవరిది 512కీ 1,024కీ మధ్య ఉంది అన్నదాన్ని బట్టి ఈ నియమం మారిపోతోంది. ఒప్పందం చేసుకున్న ఇద్దరూ ఇలాంటి షరతు కలలో కూడా రాసి ఉండరు. మందు చాలా చిన్నది. పైసల భాగాన్ని ముందు రెండు దశాంశాలకు రౌండ్ చేసి, ఆ తర్వాత 0.3తో పోల్చాలి, లేదా రూపాయలను పక్కనపెట్టి మొత్తం లెక్కను పైసల్లో, పూర్ణసంఖ్యల్లో నడపాలి. 61,230 పైసలను కంప్యూటరు ఏ లోటూ లేకుండా దాచుకుంటుంది. అయితే ఈ మందు వేయాలంటే ముందు జబ్బుందని తెలియాలి. నియమం సూత్రంలో దాక్కుని, సూత్రం సెల్‌లో దాక్కుని, సెల్ పాస్‌వర్డ్ వెనకాల ఉంటే ఎవరికి తెలుస్తుంది?

పైసలను దాటి పొలాల్లోకి వస్తే తమ అధికారం భయం పుట్టిస్తుంది. దత్తమండలాలకు మన్రో దొర 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించిన సీమ ఇది. ఈనాడు ఇక్కడ ఎకరాలు, సెంట్లు. హిందూపురం దాటి గౌరీబిదనూరు వైపో, మడకశిర మీదుగా పావగడ వైపో పోతే ఎకరాలు, గుంటలు. ఎకరాకు వంద సెంట్లు, నలభై గుంటలు. రెండు వైపులా భూమి ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. కర్ణాటక కాగితంలోని 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర కాగితంలోని 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. షీటులో రెండూ ఒకే అంకె, తేడా ముప్పై సెంట్లు. గుంటల్లో ఉన్న 1.36ని రెండుసార్లు కూడితే షీటు 2.72 అంటుంది, నేల మూడెకరాల ముప్పైరెండు గుంటలంటుంది. అక్కడున్న చుక్క దశాంశ బిందువు కాదు, వట్టి విభాగం గీత; షీటుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. (అమెరికా బాండ్ల ధరలు భిన్నాల్లో చెప్పుకునే అలవాటు కోసం ఎక్సెల్‌లో డాలర్‌డీఈ అనే ఫంక్షన్ ఉంది. దానికి 2.20, 40 అని ఇస్తే 2.5 ఇస్తుంది. వాల్‌స్ట్రీట్ కోసం చేసిన పనిముట్టు పావగడ గుంటలకు పనికొస్తుందని దాన్ని చేసినవాళ్లకు తెలిసి ఉండదు.) ఇక హెక్టార్ల దగ్గర చూడండి. హెక్టారుకు 247 సెంట్లు. విస్తీర్ణాన్ని హెక్టార్లలో రెండు దశాంశాలకు సవరిస్తే తేడా 0.005 హెక్టారు దాకా, అంటే ఇంచుమించు ఒకటింపావు సెంటు, 538 చదరపు అడుగుల దాకా పోవచ్చు. మన రాష్ట్రంలో పేదలకు ఇళ్ల స్థలాలిచ్చిన పథకంలో పట్టణ లబ్ధిదారుకు ఇచ్చింది ఒక సెంటు. షీటులో మూడో దశాంశాన్ని చెరిపేసినవాడు ఒక కుటుంబం ఇల్లు కట్టుకునే జాగా కంటే ఎక్కువ చెరిపేయగలడు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల నేలను ఎవరైనా హెక్టార్లలో, రెండు దశాంశాల్లో మాట్లాడుకుంటారేమో తమరే కనుక్కోండి.

ఇంత పంచాయితీ పైసల కోసమా అని తమరు నవ్వవచ్చు. పావలా నాణెమే 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది, నగదులో పైసలు ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అంటారు. నిజమే, అయితే ఫోన్‌లో చెల్లించేటప్పుడు 612 రూపాయల 30 పైసలు కొట్టి పంపడానికి ఏ నాణెమూ అక్కర్లేదు. చిల్లర దొరకదన్న సాకు చెల్లిపోయింది. అసలు ప్రశ్న పైసా చిన్నదా పెద్దదా అన్నది కాదు, అది ఎప్పుడూ ఒకే వైపు పోతోందా అన్నది. పైకీ కిందికీ పోయి చివరికి సర్దుకుంటుందన్న మాట సగమే నిజం. పైసల భాగం సున్నా నుంచి 99 దాకా అన్నీ సమానంగా వచ్చాయనుకుని లెక్కవేస్తే, 50 పైసల దగ్గర సవరించే పద్ధతిలో వెయ్యి బిల్లుల మీద మిగిలే తేడా ఐదు రూపాయలు. పైసలన్నీ వదిలేసే పద్ధతిలో అదే వెయ్యి బిల్లుల మీద 495 రూపాయలు, అదీ మొత్తం ఒకే మనిషి ఖాతాలోకి. గూళ్లు కొనేటప్పుడు కిందికి, దారం అమ్మేటప్పుడు పైకి సవరించే షీటులో ఏదీ సర్దుకోదు, పోగవుతుంది. కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982 జనవరిలో వెయ్యి పాయింట్లతో ఒక సూచీ మొదలుపెట్టింది. సూచీని తిరగలెక్కేసిన ప్రతిసారీ మూడో దశాంశం తర్వాతి అంకెలను సవరించకుండా నరికేశారు. 1983 నవంబరు నాటికి సూచీ 524 దగ్గరికి పడిపోయింది. మార్కెట్ పడిపోలేదు, సరిగ్గా సవరించి లెక్కేస్తే 1,098 పైచిలుకు. పాయింటులో వెయ్యో వంతు కంటే చిన్న ముక్కలు, రోజూ వేలసార్లు, ఎప్పుడూ ఒకే వైపు. అందుకే తమరిని అడుగుతున్నది అర పైసా పరిమాణం గురించి కాదు, అది నడిచే దారి గురించి.

రెండో అభ్యంతరం గట్టిది. నియమాలన్నీ గోడకు కొట్టినట్టు రాసిపెడితే దయకు చోటుండదు, 44.93 శాతం వచ్చిన పిల్లను 45 అనుకుని లోపలికి రానిచ్చే వీలు పోతుంది అంటారు. సరిగ్గా ఈ 44.93 మీదే 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఒరిస్సా న్యాయసేవల పరీక్షలో 45 శాతం తప్పనిసరి అన్న నియమం ఉండగా, సవరించమని నియమాల్లో లేనప్పుడు సవరించే అధికారం ఎవరికీ లేదని చెప్పింది. కఠినంగానే ఉంది. అయినా ఆ తీర్పులో ఒక న్యాయం ఉంది. దయ చూపదలుచుకుంటే నియమంలోనే రాయండి, అప్పుడు 44.93 వచ్చిన ప్రతివాళ్లకూ ఆ దయ దక్కుతుంది. రాయని దయ తెలిసినవాళ్లకే అందుతుంది. బిల్లు దగ్గర "చిల్లర వదిలెయ్ సామీ" అన్నది మంచి మాటే, ఇద్దరూ ఎదురుబొదురుగా ఉన్నంతవరకు. షీటుకు ముఖం లేదు, మొహమాటమూ లేదు. అది వదిలేసిన చిల్లర ఎవరూ ఎవరికీ వదిలేసింది కాదు.

ఇదంతా గుమాస్తాలకు అదనపు బరువు అన్న మాటను ఎక్కువసేపు పట్టించుకోనక్కర్లేదు. షీటు మొదటి పేజీలో నాలుగు వాక్యాలు రాయడం బరువైతే నెలాఖరులో రూపాయి తేడా కోసం రాత్రి పదింటిదాకా కూర్చోవడం అంతకంటే బరువు. కాబట్టి తమ ఉత్తర్వు ఇలా ఉండాలని ప్రార్థన. లెక్క మొత్తం పూర్తి దశాంశాలతో నడవాలి, సవరణ చివర్లో ఒక్కసారే జరగాలి. సవరించని అంకెకు ఒక వరుస, సవరించిన అంకెకు పక్కనే ఇంకో వరుస ఉండాలి, మొదటిదాన్ని ఎవరూ చెరపకూడదు. సరిగ్గా సగం వస్తే ఏం చేయాలో, ఎన్ని పైసల దగ్గర పైకి తిప్పాలో షీటులో ఒక సెల్‌లో కనబడేటట్టు రాసి, సూత్రాలన్నీ ఆ సెల్‌నే చూడాలి. నియమం మారితే ఆ ఒక్క సెల్ మారాలి. బిల్లులో రౌండాఫ్ అన్న వరుసకు ముందు కూడికో తీసివేతో గుర్తు తప్పనిసరి. నేల విస్తీర్ణం ఎకరాలు ఒక గడిలో, సెంట్లో గుంటలో ఇంకో గడిలో ఉండాలి. చుక్క పెట్టి ఒకే గడిలో ఇరికించడం ఈ మూడు పట్టణాల్లోనైనా మానాలి.

మార్చి 31న లెక్కలు మూసి, ఏప్రిల్ 1న కొత్త ఫైలు తెరిచే ప్రతి అకౌంటెంటుకు, ప్రతి సంఘం కార్యదర్శికి ఇదే మా విన్నపం: పాత షీటును కాపీ కొట్టే ముందు అందులోని రౌండ్ సూత్రం ఒక్కసారి తెరిచి చూడండి, 612.30 ఇచ్చి ఏమంటుందో పరీక్షించండి, మీ నియమం ఏమిటో అవతలివాడికి కాగితం మీద చూపించండి.